తోక ఉన్న మాట

ఆర్డిత్ డిఫో అరవై ఏడో ఏట ఒజిబ్వే నేర్చుకోవడానికి వచ్చింది. అమెరికా ఆదివాసీ తెగ మాది, అది ఆమె సొంత భాషే. మా అందరిదీ అదే. అలాంటి దాన్ని మడత కుర్చీల్లో కూర్చుని ఓనమాల నుంచి నేర్చుకోవలసి రావడం మాకెవరికీ వింతగా అనిపించదు, అలవాటైపోయింది.

మొదటి మంగళవారం విశ్వవిద్యాలయం నుంచి ఒకాయన వచ్చి, భాష అంటే జాతి ఆత్మ అని ఇరవై నిమిషాలు చెప్పాడు. కమ్యూనిటీ హాలు నేలమాళిగలో తొమ్మిది మందిమి కోట్లు విప్పకుండానే విన్నాం, హీటర్ పనిచేయడం లేదు. చివర్లో ఆయన మీరెందుకు వచ్చారని ఒక్కొక్కరినీ అడిగాడు. ఒకరు వేర్లన్నారు, ఒకరు గుర్తింపన్నారు. నేనూ ఏదో అలాంటిదే అని ఉంటాను. ఆర్డిత్ వంతు వచ్చింది.

"మా అక్క బాత్రూంకి పోవాలంటే ఏమని అడుగుతుందో నాకు తెలియాలి," అంది. "ఆత్మ సంగతి తర్వాత చూద్దాం."

ఆర్డిత్ ముప్పై ఒక్క ఏళ్ళు స్కూలు బస్సు నడిపింది. రిజర్వేషన్‌లో, అంటే మా తెగకు మిగిల్చిన నేల మీద, నలభై ఏళ్ళ లోపు వాళ్ళందరినీ ఎప్పుడో ఒకప్పుడు "కూర్చో, లేకపోతే దింపేస్తా" అని అరిచిన మనిషి. పిల్లలు లేరు, మొగుడు పోయి చాలా కాలమైంది. మిగిలింది ఒక్క అక్క, థెరీసా. ఆర్డిత్ కంటే ఏడేళ్ళు పెద్దది.

పోయిన శరదృతువులో థెరీసాకు పక్షవాతం వచ్చింది. చెయ్యీ కాలూ కొంత తిరిగి వచ్చాయి కానీ ఇంగ్లీషు తిరిగి రాలేదు. అసలే ఆమె ఇంగ్లీషు వంటింటి ఇంగ్లీషు. తలుపెయ్యి, కాఫీ వేడిగా ఉంది, మంచు పడేట్టుంది, అంతవరకే. అదంతా ఒక్క రాత్రిలో తుడిచిపెట్టుకుపోయి, కింద ఉన్న ఒజిబ్వే ఒక్కటీ మిగిలింది. నలభై మైళ్ళ దూరంలోని వృద్ధుల సంరక్షణ గృహంలో చేర్చారు. అక్కడి నర్సులు ఆమె కాగితాల మీద "అర్థం లేని మాటలు" అని రాశారు. ఆర్డిత్ ఆ మాట చదివింది. అక్క ముందు కూర్చుని వింటే తనకూ అర్థం లేని మాటలే వినిపించాయి. అది ఆమెకు సిగ్గనిపించింది.

అక్కాచెల్లెళ్ళకు ఒకే భాష ఎందుకు లేకపోయిందంటే, ఆర్డిత్‌కి అయిదేళ్ళప్పుడు మా పిల్లల్ని తీసుకుపోయి ఇంగ్లీషు తప్ప మాట్లాడనివ్వని మిషన్ బడి వాళ్ళ కారు వచ్చింది. థెరీసా తుంటి పుట్టుకతోనే వంకర. కుంటిపిల్ల మాకెందుకని ఆమెను వదిలేసి చిన్నదాన్ని ఎక్కించుకుపోయారు. థెరీసా అమ్మమ్మ దగ్గర, మేపుల్ చెట్ల మధ్య, ఒజిబ్వేలోనే పెరిగింది. ఆర్డిత్ పదిహేడో ఏట తిరిగి వచ్చింది, జుట్టుకు ఉంగరాలు తిప్పుకుని, నోట్లో ఒక్క ఒజిబ్వే ముక్క లేకుండా. ఆ తర్వాత యాభై ఏళ్ళు ఒకే ఊళ్ళో ఉన్నారు.

మాకు పాఠం చెప్పేది క్లెమ్ సూలియర్. ఎనభై ఒక్కేళ్ళు, కలప కోతలో రెండు వేళ్ళు పోయాయి. ఆర్డిత్‌కి మేనత్త కొడుకు, అంటే బావ. మా దగ్గర బావామరదళ్ళు ఎంత మాటైనా అనుకోవచ్చు. అనుకోకపోతేనే ఏదో గొడవ జరిగిందని ఊరు అనుమానిస్తుంది.

"ఏం మరదలా, వయసులో ఉన్నప్పుడు నేనడిగితే ఇంగ్లీషులో ఛీ కొట్టావు. ఇప్పుడు మన భాషలో కొడదామని వచ్చావా?" అన్నాడు మొదటి రోజే.

"నిన్ను ఛీ కొట్టడానికి భాషెందుకు బావా? ఆ చొక్కా చాలదూ?"

ఆమె నోటు పుస్తకం పాత బస్సు రూటు పుస్తకం. పిల్లల పేర్లు రాసే గడుల్లో మాటలు రాసుకునేది. నాలుక మొద్దు, చెవి మాత్రం చురుకు. ప్రాణమున్న మాటలు, ప్రాణం లేని మాటలు అని మా భాషలో రెండు రకాలు. రాస్ప్‌బెర్రీకి ప్రాణముంది, స్ట్రాబెర్రీకి లేదు. ఎందుకని అడిగితే క్లెమ్ భుజాలెగరేస్తాడు.

"మా బస్సుకి?" అంది ఆర్డిత్.

"ఉంది."

"ఉండకేం, ముప్పై ఒక్క ఏళ్ళు నడిపాను బావా. నీకంటే దానికే ఎక్కువ ప్రాణముంది."

ఆమెకు కావలసింది ఒక్కటే. అక్క తనను గుర్తుపట్టాలి. పక్షవాతం వచ్చినప్పటి నుంచి థెరీసా ఆమె వంక, మందులిచ్చే నర్సుల వంక చూసినట్టే మర్యాదగా చూసేది. ఇంగ్లీషులో ఎంత చెప్పినా ఆ చూపు మారలేదు. మన భాషలో ఒక్క వాక్యం సరిగ్గా చెబితే మారుతుందని ఆర్డిత్ నమ్మకం. నేను నీ చెల్లిని. అంతే. దానికే రెండు నెలలు పట్టింది.

మొదటిసారి వెళ్ళి, తన గుండె మీద చెయ్యి పెట్టుకుని, "నిషీమే" అంది. థెరీసా తల అడ్డంగా ఊపి, "కావీన్" అంది. కాదు.

మరుసటి మంగళవారం సంగతి విని క్లెమ్ నవ్వాడు. "నిషీమే అంటే నా చెల్లి. డెబ్భై నాలుగేళ్ళ మనిషి దగ్గరికెళ్ళి నువ్వు నా చెల్లివంటే ఊరుకుంటుందా? ని అంటే నా. గి అంటే నీ. గిషీమే అనాలి."

"ఒక్క అక్షరానికి ఇంత రభసా!"

"మొత్తం ఇల్లంతా నిలబడేది దాని మీదే మరదలా."

ఆ వారం వెళ్ళి గిషీమే అంది. థెరీసా ఈసారి కొంచెంసేపు చూసింది. మళ్ళీ కావీన్ అంది. ఆ తర్వాత నెమ్మదిగా, పసిపిల్లకు చెప్పినట్టు, ఇంకో మాట చెప్పింది. ఆర్డిత్ దాన్ని దారి పొడుగునా నలభై మైళ్ళు పైకి అనుకుంటూ వచ్చి, మాకు వినిపించింది.

"నిషీమేయిబన్. ఇదేంటి బావా? చివర్లో ఈ బన్ ఏంటి?"

"వెన్న రాసిందా, మామూలుదా?" అంది మార్లా. తెగ కార్యాలయంలో గుమాస్తా, మా అందరిలోకీ నోరున్న పిల్ల. అందరం నవ్వాం. ఆర్డిత్ కూడా నవ్వింది. క్లెమ్ నవ్వలేదని నేను గమనించాను గానీ, ఆ చలిలో అది పెద్ద విశేషంగా తోచలేదు.

"అది పాతకాలం వాళ్ళ పద్ధతి," అన్నాడు క్లెమ్, బోర్డు తుడుస్తూ. "ముద్దుగా పిలిచేటప్పుడు అలా ఒక తోక తగిలిస్తారు."

"ముద్దుగానా?"

"ఆఁ."

ఆర్డిత్ ఆ మాటను గడిలో రాసుకుని చుట్టూ గీత గీసింది.

ఆ శనివారం ఏం జరిగిందో ఆమె మాకు మూడుసార్లు చెప్పింది, మూడుసార్లూ ఒకేలా. మంచం పక్కన కుర్చీ వేసుకుని, గుండె మీద చెయ్యి పెట్టుకుని, తోకతో సహా చెప్పింది. గిషీమేయిబన్. థెరీసా చూపు మారింది. మంచి చెయ్యి చాచి ఆర్డిత్ ముఖమంతా తడిమింది, చెవులు కూడా. ఏడ్చింది. గిగీకజ్ ఇనా, అని అడిగింది. చలేస్తోందా? ఆర్డిత్‌కి అది తెలుసు, మేం ఆ నేలమాళిగలో మొదట నేర్చుకున్న వాక్యమే అది. లేదంది. అప్పుడు థెరీసా మాట్లాడడం మొదలుపెట్టింది. గంటసేపు ఆపలేదు. నర్సు మందు తెస్తే చేత్తో పొమ్మని తోసేసింది. తన జన్మలో అక్క అంతసేపు మాట్లాడగా వినలేదని ఆర్డిత్ అంది.

"ఏం చెప్పిందత్తా?" అంది మార్లా.

"ఏమో. ఏరుకోగా పదకొండు మాటలు దొరికాయి. రాసుకున్నా. మిగతాది తర్వాత నేర్చుకుంటాగా. గుర్తుపట్టింది, అది చాలు."

మేం చప్పట్లు కొట్టాం. ఎవరో కేకు కూడా తెచ్చారు. క్లెమ్ ఆ రోజు పాఠం త్వరగా ముగించి ఆర్డిత్ పికప్ ట్రక్కులో కూర్చున్నాడు. అక్కడ జరిగింది ఆమె తర్వాత నాకు చెప్పింది. నేనడగలేదు.

"మరదలా, నేనొక అబద్ధం చెప్పాను," అన్నాడట. "ఆ తోక ముద్దుకి కాదు. పోయినవాళ్ళ పేరుకి తగిలిస్తాం."

ఆర్డిత్ ఇంజను ఆపేసింది.

"అంటే నేను?"

"ఆమె లెక్కలో చెల్లి ఆ కారెక్కి పోయింది. తిరిగి రాలేదు."

"తిరిగొచ్చా కదయ్యా! యాభై ఏళ్ళు ప్రతి ఆదివారం వాళ్ళింట్లోనే తిన్నాను!"

"ఇంగ్లీషులో వచ్చావు," అన్నాడు క్లెమ్. ఆ తోక చచ్చినవాళ్ళకే కాదనీ, ఒకప్పుడుండి ఇప్పుడు లేనిదానికి కూడా వాడతారనీ చెప్పాడు. వ్యాకరణం ప్రకారం అది నిజమే. ఆ పికప్‌లో దానివల్ల ఉపయోగమేమీ లేకపోయింది.

"అందుకేనా నాకెప్పుడూ ఆ బంగారు అంచు కప్పులో కాఫీ ఇచ్చేది," అంది ఆర్డిత్. "వాళ్ళంతా రేకు గ్లాసుల్లో తాగేవాళ్ళు. నేనంటే ఎంత ప్రేమో అనుకున్నా. చుట్టాల కప్పు బావా అది."

ఇక్కడ ఆమె ముందు రెండు దారులున్నాయి. వెళ్ళి నేను బతికే ఉన్నానని చెప్పడం ఒకటి. అలా చెప్పే వాక్యం కూడా క్లెమ్ ఆమెకు నేర్పాడు. అది అయిదు మాటలు. ఆమె దాన్ని తప్పుల్లేకుండా పలకడం నేర్చుకుంది, నా ఎదుటే పదిసార్లు పలికింది. అక్క దగ్గర మాత్రం ఒక్కసారీ పలకలేదు. చెబితే మళ్ళీ కావీన్ అంటుందేమోనని భయం. పోయిన చెల్లిగానైతే ముఖం తడుముతుంది. బతికున్న చెల్లిగా యాభై ఏళ్ళు ఉండి చూసింది, చుట్టాల కప్పు దక్కింది.

కాబట్టి ఆ చలికాలమంతా ఆర్డిత్ శనివారం శనివారం నలభై మైళ్ళు నడుపుకుంటూ వెళ్ళి పోయినదానిలా కూర్చుంది. మేం పోయినవాళ్ళకు పళ్ళెంలో ముందు కొంచెం తీసిపెడతాం. థెరీసా తన గిన్నెలోది అంతా తీసిపెట్టడం మొదలుపెట్టింది. మెత్తటి చికెన్, పుడ్డింగ్, అన్నీ చెల్లి వైపు జరిపి, "వీసినిన్" అనేది. తిను. ఆర్డిత్ తినేది. థెరీసా బరువు తగ్గుతోందని నర్సులు గొణిగితే, ఆర్డిత్ ముందే ఇంట్లో సూప్ చేసి తీసుకెళ్ళి, తన వంతు తిన్నాక, "నాకిక చాలు, నువ్వు తిను" అని నేర్చుకున్న వాక్యంతో అక్కకు తినిపించేది. మా గుంపు మొత్తంలో భాష అలా పనికొచ్చింది ఆమె ఒక్కతెకే.

ఆ మొదటి రోజు గంటసేపు చెప్పింది మాత్రం థెరీసా మళ్ళీ ఎత్తలేదు. ఆర్డిత్ ఫోనులో రికార్డు పెట్టుకుని కూర్చునేది. వచ్చేది చలేస్తోందా, తిను, ఇవే. ఒకసారి క్లెమ్‌ను వెంట తీసుకెళ్ళింది. థెరీసా అతనితో చేపల గురించి, మంచు గురించి హాయిగా మాట్లాడింది, చెల్లి ఉన్న వైపు చూడనే లేదు. పరాయివాళ్ళ ముందు పోయినవాళ్ళతో ఎవరు మాట్లాడతారు?

మార్చిలో, మేపుల్ రసం తీసే రోజుల్లో, థెరీసా పోయింది. బుధవారం ఉదయం. ఆర్డిత్ అక్కడ లేదు.

నాలుగు రోజుల అంత్యక్రియల తంతు ముగిశాక వచ్చిన మంగళవారం ఆమె తరగతికి వస్తుందని మేమనుకోలేదు. అందరికంటే ముందొచ్చి కూర్చుంది. పాఠం మొదలు కాకముందే రూటు పుస్తకం తీసి క్లెమ్ ముందు పెట్టింది. పదకొండు గడులు. అమ్మ, కారు, కాదు, కుక్క, చేతి తొడుగు, మంచు, ఎర్రటి, నేను, పరుగు, బంగాళాదుంప, తలుపు. మాటల మధ్య, వినబడీ అర్థం కాని చోట్ల, బస్సు రూటులో ఆగని స్టాపులకు గీసినట్టు చిన్న గీతలు గీసుకుంది.

"ఏం చెప్పిందో చెప్పు బావా."

క్లెమ్ కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చదివాడు. "ఆ రోజు సంగతే. నిన్ను తీసుకుపోయిన రోజు."

"అది నాకూ తెలుస్తోంది. కుక్క పరిగెత్తిందా, తను పరిగెత్తిందా? చేతి తొడుగు ఎవరిది? తలుపు వేసిందా, తీసిందా?"

"వీటితో నేను ఏడెనిమిది కథలు అల్లగలను," అన్నాడు క్లెమ్. "తను నీ వెనకాల పరిగెత్తిందని చెప్పగలను. బంగాళాదుంపల గోతిలో నిన్ను దాచబోయిందని చెప్పగలను. భయపడి తలుపేసుకుందని కూడా చెప్పగలను. ఏదీ ఆమెది కాదు."

"ఒకటి చెప్పు."

"ఆర్డిత్." అతను ఆమెను పేరు పెట్టి పిలవడం మేం అదే మొదటిసారి వినడం. "ఒకసారి చెప్పాను కదా నీకు అబద్ధం."

"మంచి అబద్ధమది. ఇంకోటి చెప్పు."

క్లెమ్ ఆమె పెన్సిలు తీసుకుని, మిగిలిన మూడు వేళ్ళతో పట్టుకుని, పదకొండు మాటలకూ అక్షర దోషాలు దిద్దాడు. చేతి తొడుగు అన్నచోట, దీనికి ప్రాణముంది, అని పక్కన గుర్తు పెట్టాడు. మధ్య గీతలను ముట్టుకోలేదు. పుస్తకం వెనక్కి జరిపి, లేచి, బోర్డు దగ్గరికి వెళ్ళాడు.

ఆర్డిత్ ఇప్పటికీ వస్తోంది. ఎందుకని మేమెవరం అడగం. ఇంట్లో మాట్లాడడానికి ఎవరూ లేరు. పోయిన వారం ఆమె క్లెమ్‌ను అడిగింది, తలుపు తీసింది అనడానికీ తలుపు వేసింది అనడానికీ మాటలు వినడానికి దగ్గరగా ఉంటాయా అని. అంత దగ్గరగా ఉండవన్నాడు. రెండూ పలికి వినిపించమంది. వినిపించాడు. కళ్ళు మూసుకుని వింది. మళ్ళీ అనమంది.