ఆంటీ ఇచ్చిన చేప

ఈ రోజు పొద్దున టోవా పాయో పేటలో ఉండే ఒక ఆంటీ పిలిచి నాకొక ఏంజెల్ చేపను ఇచ్చారు. ఎక్కడోగానీ దొరకని సముద్రపు చేప. పోయిన నెల చనిపోయిన వాళ్లాయన దాన్ని తొమ్మిదేళ్లు పెంచారు. ఉప్పునీటి ట్యాంకు చూసుకోవడం ఇక ఆవిడ వల్ల కాలేదు.

కొత్త నీటికి ఎంత మెల్లగా అలవాటు చేసినా, మధ్యాహ్నానికే అది పక్కకు ఒరిగి చనిపోయింది.

సాయంత్రం ఆంటీ ఫోన్ చేశారు.

"వాడు ఏమైనా తిన్నాడా బాబూ?"

"తిన్నాడు ఆంటీ," అనేశాను.

"హమ్మయ్య! మీ అంకుల్ పోయాక నేను వేస్తే సరిగ్గా ముట్టేవాడే కాదు. సండే వచ్చి ఒకసారి చూసి వెళ్తాను."

చేపల గురించి ఊరందరికీ సలహాలిచ్చేవాణ్ణి. ఆదివారం తలుపు తీసి ఆవిడకు ఏం చెప్పాలో మీరే చెప్పండి.