బోర్డు మీది చీటీ

అరవై రెండో ఏట వ్యాసర్పాడి చర్చిలో సాయంత్రం బడికి వెళ్లి అక్షరాలు నేర్చుకున్నాను. అంతకుముందు సంతకం గీయడం ఒక్కటే వచ్చు. అందుకే ఈ సంగతి ఇన్నాళ్లూ రాయలేదు.

1982లో నేను మద్రాసు జార్జి టౌన్‌లో అటెండరుని. సముద్రపు తాబేళ్లను కాపాడే సంస్థ అది. చాలా దేశాల్లో శాఖలుండేవి. చేరేటప్పుడు చదువు వచ్చని అబద్ధం చెప్పాను.

ఆ ఏడు సంస్థ మొత్తానికి ప్రధాన అధికారిని ఎంపిక చేసే ఇంటర్వ్యూలు మా ఆఫీసులో జరిగాయి. చివరికి మిగిలినవారు ముగ్గురు. ఒక్కొక్కరి ఇంటర్వ్యూ కాగానే కమిటీ మార్కులు వేసి, కవరు అంటించి నాకు ఇచ్చేది. సంగతి బయటికి పొక్కకూడదని కవరు మీద పేరు రాసేవారు కాదు. ఏ మనిషి ఫైల్లో ఉంటే ఆ మనిషి మార్కులవి. కార్యదర్శి గోవిందరాజులు గారు ముందు రోజే ఫైళ్లు చూపిస్తూ వరుస చెప్పారు. రాయపురంలో మా అమ్మ చేపల గంపలకు గుర్తు పెట్టినట్టు, ఫైళ్ల నాడాలకు ఒకటి, రెండు, మూడు ముళ్లు వేసుకున్నాను. ఆ వరుసలోనే కవర్లు పెట్టి కట్టాను.

సాయంత్రం బీరువాకు తాళం వేస్తూ ఆయన అన్నారు: "కేరళాయన రైలు లేటు. మొదట రావాల్సినాయన ఆఖర్న వచ్చె. పొద్దున్నే బోర్డు మీద చీటీ పెడితినే, చూసి మార్చినావు కదమ్మా మేరీ?"

"మార్చినాను సార్."

ఆ మాట నోరు జారిపోయింది. మూడు కవర్లూ తప్పు ఫైళ్లలో ఉన్నాయి. మరునాడు పదింటికి ఆయన మార్కులు కూడి, ఎంపికైన వారి పేరు విదేశంలోని ప్రధాన కార్యాలయానికి తంతిలో పంపాలి. చెబితే నా ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే ఒకరికి రావాల్సిన కుర్చీలో మరొకరు కూర్చుంటారు. బస్సులో దిగవలసిన చోటు దాటిపోయి, వెనక్కి నడిచి వచ్చాను.

మరునాడు పొద్దున ఎనిమిదికే వెళ్లి మెట్ల మీద నిలబడ్డాను. ఆయన రాగానే, "సార్, నాకు చదవను రాదు. కవర్లు మార్చలేదు," అన్నాను.

"మూడేళ్లుగా ఆఫీసు టపా ఎట్లా పంచినావే?"

"స్టాంపుల మీది బొమ్మలు చూసి, ఏ దేశం టపా ఎవరికో గుర్తు పెట్టుకుని సార్."

"బాగుంది సంబడం! మీద ఏనుగుంటే నాకా?" అన్నారు కానీ, నవ్వలేదు. బీరువా తీసి, బోర్డు మీది చీటీ పీకి పైకి చదివారు. నేను ముళ్లు విప్పి, ఆయన చెప్పినట్టు కవర్లు మార్చాను. నా ఉద్యోగం సంగతి తరువాత చూద్దామన్నారు.

తెలియనిది తెలియదని ఆ నిమిషంలోనే చెప్పాలి. ఆఫీసులో నేను నేర్చుకున్నది ఇదే.

తొమ్మిదిన్నరకు ఆయన తంతి రాసిచ్చారు. పట్టుకుని తంతి కార్యాలయానికి నడిచాను. అందులో ఎవరి పేరుందో నాకు తెలియదు.