నాలుగు ఎర్ర మూతలు, ఒక పెళ్ళిచూపులు

టైర్లకుండే నాలుగు బుల్లి మూతలు మార్చి, జన్మంతా బ్రహ్మచారిగా మిగిలిపోబోయినవాణ్ణి నేను. ఆ ఘోరం ఎలా జరిగిందో చెబుతాను. మీరు మొహమాటపడకుండా నవ్వుకోండి. ఇప్పుడు తలుచుకుంటే, ఆ తెలివితక్కువ కుర్రాడు నేను కాదు, ఎవరో పక్కింటివాడు అనిపిస్తుంది.

అప్పట్లో భోగాపురంలో ఉండేవాణ్ణి. నాకు ముందు ఇద్దరు వాడి వదిలేసిన తెల్లకారు ఒకటి కొన్నాను. ఎత్తు ఎక్కాలంటే దగ్గేది, దిగాలంటే మూలిగేది. అయినా నా కంటికది రేసుకారు. ఆదివారం పొద్దున్నే హైవే పక్కన టీ బడ్డీ దగ్గర కారు పిచ్చివాళ్ళు పదిమంది చేరతారని తెలిసి, నేనూ వెళ్ళి చేరాను.

అక్కడో ఆచారం ఉండేది. ఎవడెంత కోతలు కోసినా ఎవరూ నవ్వకూడదు. ముందుగా నవ్వినవాడు ఆ రోజు అందరి కార్లూ కడగాలి. ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు.

"నంబరు ప్లేటు బోల్టులు తీసీసి స్టీలువి ఎట్టాన్రా. మూడో గేరెయ్యగానే బండి నన్ను సీటుకి అతికించేస్తన్నాది," అన్నాడు అప్పన్న. అతను మా అందరికీ పెద్ద. ఎప్పుడు చూసినా చావింట్లో కూర్చున్నంత గంభీరంగా ఉండేవాడు.

"అదేటి గొప్ప? నాను వైపరు నట్టు మార్సాను. మొన్న వాన నా బండిని అందుకోనేకపోయినాది," అన్నాడు ఇంకొకాయన.

ఎవరి మూతీ కదల్లేదు. నేను మాత్రం జేబులోంచి పెన్ను తీసి, నట్టు సైజు ఎంతండీ అని అడిగాను. పాపం, ఇద్దరు ముగ్గురు గబగబా టీ గ్లాసుల్లోకి మొహాలు దించేసుకున్నారు. టీ వేడిగా ఉందనుకున్నాను.

"నీకు నట్లొద్దురా బావూ," అన్నాడు అప్పన్న. "టైరుకి గాలి కొట్టే కాడ నల్ల మూతుంటాదా? అవి పీకి పారేసి, ఎర్ర అల్యూమినియం మూతలెట్టు. సక్రం తేలికైపోతాది. పికప్పు సూడు మరి!"

"ఎంత పెరుగుతుందండీ?"

"మీటరు మాత్రం సూడకు. బెదిరిపోతావు."

నాలుగు రోజుల్లో మూతలు పోస్టులో వచ్చాయి. బిగించి హైవే ఎక్కాను. నమ్ముతారో లేదో, కారు నిజంగానే దూసుకుపోయింది! ఆ రోజు ఎదురుగాలి లేదన్న విషయం నాకు తట్టనే లేదు. అప్పన్న చెప్పిన ఇంకో సలహా ప్రకారం, బరువు తగ్గించడానికి స్టెప్నీ తీసి మంచం కింద పెట్టేశాను.

అక్కడితో ఆగినా బాగుండేది. దసరాకి ఆయుధపూజ వచ్చింది. అందరూ బండికి బొట్టు పెడతారు. నా భక్తి నాలుగు ఆకులు ఎక్కువ చదివింది. ఒక్కొక్క మూతకీ పసుపు మెత్తి, కుంకుమ అద్ది, కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్ళు మూత మీదే పోశాను. తర్వాత కడగనివ్వలేదు. కడిగితే పవరు పోతుందని నా భయం. అసలే సముద్రపు గాలికి మా ఊళ్ళో ఇనుప గేట్లే ఏడాదికోసారి రాలిపోతాయి. ఆ ఉప్పుగాలికి నా కొబ్బరినీళ్ళు తోడయ్యాయి.

కొన్నాళ్ళకి కొత్తవలస సంబంధం వచ్చింది. అమ్మాయి పేరు హారిక, బ్యాంకులో ఉద్యోగం. రెండుసార్లు ఫోన్లో మాట్లాడాను. అంతే, నాకు పిచ్చిగా నచ్చేసింది. అప్పటికే మూడు సంబంధాలు తప్పిపోయి ఉన్నాయి. ఇదీ పోతే తట్టుకోలేనని నాకు తెలుసు.

"ముందు మనిద్దరం సూసొద్దాం. పదకొండింటికి వర్జ్యం వచ్చేస్తాది, ఈలోగా ఆళ్ళింట్లో కాలెట్టీయాల," అన్నాడు మా మావయ్య. ఆయన అమ్మకి తమ్ముడు, విజయనగరంలో ఇత్తడి సామాన్ల వ్యాపారి, తొంభై కేజీల మనిషి.

కొత్తవలస ఇంకా నాలుగైదు కిలోమీటర్లుందనగా కారు ఒక పక్కకి లాగడం మొదలెట్టింది.

"ఏటిరా, బండి పొలాల్లోకి ఎల్తానంటన్నాది?"

"కొంచెం గాలి తగ్గినట్టుంది మావా. ఒక్క నిమిషం."

రోడ్డు పక్క పంక్చరు షాపు దగ్గర ఆపాను. షాపాయన మూత పట్టుకుని తిప్పాడు. కదల్లేదు. గుడ్డేసి తిప్పాడు. కదల్లేదు.

"మూతకి ఏటి రాసారు బాబూ?"

"పసుపు."

"మూతకా?"

"కొబ్బరినీళ్ళు కూడా."

ఆయన నన్నూ మావయ్యనీ మార్చి మార్చి చూసి, పటకారు తెచ్చాడు. గట్టిగా ఒక్క తిప్పు తిప్పాడు. మూత ఊడలేదు. దాని కిందున్న వాల్వే విరిగి చేతికొచ్చింది. బుస్సుమని ఉన్న గాలి కాస్తా పోయి, కారు కూలబడిపోయింది.

"స్టెప్నీ తియ్యి, బేగి!" అన్నాడు మావయ్య.

"ఇంట్లో మంచం కింద ఉంది మావా."

"ఇంట్లో ఏటి సేత్తన్నాది?"

"బరువు తగ్గుతుందని..."

"బరువా! అలగైతే నన్ను కూడా ఆ మంచం కిందే ఎట్టీసి రావలిసింది!"

కొత్త వాల్వు కొత్తవలస నుంచి తేవాలి, గంట పడుతుందన్నాడు షాపాయన. టైము పదిన్నర దాటింది. అటుగా టెంట్ హౌస్ ట్రాలీ ఆటో ఒకటి వస్తే మావయ్య రోడ్డుకి అడ్డంగా నిలబడిపోయాడు. వెనకంతా ప్లాస్టిక్ కుర్చీలు. వాటిలో రెండు లాగి వేసుకుని కూర్చున్నాం. అలా వీధి వీధంతా చూస్తుండగా, ఊరేగింపు దేవుళ్ళలాగా, వర్జ్యానికి అయిదు నిమిషాల ముందు అమ్మాయి వాళ్ళింటి ముందు దిగాం. మేడ మీంచి హారిక మమ్మల్ని చూసింది. నవ్వాపుకోలేక లోపలికి పరిగెత్తింది.

వాళ్ళ నాన్నగారు రైలింజన్లు నడిపి రిటైరైన మనిషి.

"కారులో వత్తన్నామన్నారు కదండీ?" అన్నారు.

ఏదో ఒకటి చెప్పు మావా, అని కళ్ళతోనే బతిమాలాను. మావయ్య, ఆటోలో నా నోటి నుంచి రాబట్టిన కథని అప్పన్న దగ్గర మొదలెట్టి, మంచం కింద స్టెప్నీ దాకా పొల్లుపోకుండా మొత్తం చెప్పేశాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ. అన్నేళ్ళు రైళ్ళు లాగించిన మనిషి ముందు నా ఎర్రమూతల చరిత్ర! హారిక కాఫీ కప్పులతో గుమ్మంలో నిలబడి అంతా వింటోంది. నాలుగో సంబంధం కూడా పోయిందనుకున్నాను.

ఆయన కుర్చీ నా పక్కకి జరుపుకున్నారు. తర్వాత గొంతు తగ్గించి అడిగారు.

"బావూ, నిజం సెప్పు. ఆ మూతలెట్టాక బండి లాగినట్టు అనిపించినాదా?"

ఇంకా దాచడానికి ఏముంది? "అనిపించిందండీ," అన్నాను.

చటుక్కున లేచి, నా చెయ్యి పట్టుకుని పెరట్లోకి లాక్కెళ్ళారు. అక్కడ పాత స్కూటరు ఉంది. దాని పెట్రోలు గొట్టానికి ఎర్రదారంతో అగ్గిపెట్టంత అయస్కాంతం కట్టి ఉంది.

"ఇది కట్టినకాడ్నించి పెట్రోలు వరసగా నిలబడి ఎల్తన్నాది. మైలేజీ ఎలగున్నాదనుకున్నావ్! ఈ ఇంట్లో ఎవులూ నమ్మరు బావూ."

"నేను నమ్ముతానండీ!" అన్నాను. కడుపులోంచి వచ్చిన మాట అది.

మా వెనకే హారిక గొంతు వినిపించింది. "ఒక్కరితోనే ఏగనేక సస్తన్నాను నాన్నా. ఇప్పుడు రెండో ఆయన కూడానా?"

ఇద్దరం తప్పు చేసిన పిల్లల్లా నిలబడ్డాం.

"అబ్బాయి నాకు నచ్చినాడు," అంది. "అబద్ధమాడ్డం రాదని తెలిసిపోయినాది. కానీ ఒక్కటి. ఆయన ఆ మూతలు తీసీయాల. నువ్వీ అయస్కాంతం తీసీయాల. ఇద్దరూ ఒప్పుకుంటేనే పెళ్ళి."

మూతలేం ఖర్మ, టైర్లు కూడా తీసేస్తానన్నాను. వాళ్ళ నాన్నగారు మాత్రం అయస్కాంతాన్ని చూశారు. నన్ను చూశారు. మళ్ళీ అయస్కాంతాన్నే చూశారు. చివరికి దీనంగా కూతురి వైపు తిరిగారు.

"ఇంకో సంబంధం సూద్దుమా అమ్మా?"

ఆయన మెత్తబడటానికి వారం పట్టింది. ఆ వారంలో నేను తిన్నది లేదు, నిద్రపోయింది లేదు. మొత్తానికి పెళ్ళయింది.

కాబట్టి నా భార్య ఎదుట, చదువుతున్న మీ అందరి ఎదుట ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నా కారు టైర్లలో గాలి తప్ప, వాటి మీద నల్ల ప్లాస్టిక్ మూత తప్ప మరేదీ పెట్టను. పికప్ పెంచుతానన్నవాడు సాక్షాత్తు దేవుడే అయినా వినను. స్కూటరు సంగతి మాత్రం ఈ ప్రమాణంలో లేదు. దాని గురించి మా మావగారూ నేనూ ఇంకా ఆలోచిస్తున్నాం.