మోతీ ముక్కు, వకీలు మామ తీర్పు

ఆ రోజుల్లో శాలిబండలోని మా గల్లీలో కంపు రావడం తప్పు కాదు, అది మా ఇంటి కంపు కావడమే తప్పు. మాకు బర్రెలుండేవి. గల్లీ అంతా మా పాలే తాగేది, ఎక్కడ ఏది కుళ్లినా వేలు మాత్రం మా కొట్టం వైపే చూపేది. ఒక ఎండాకాలం గల్లీలో భరించలేని దుర్వాసన మొదలైంది. వకీలు మామ (కోర్టు గడప తొక్కినవాడు కాదు, వాదించడం తప్ప వేరే పని లేనివాడు) పెద్దల్ని వెంటేసుకొచ్చి, మా బాపుతో "ఇగ చాలు. బర్లను ఊరవతలికి తోలెయ్" అన్నాడు. బాపు ముఖం పాలిపోయింది. అవి పోతే మా పొయ్యి వెలగదు. నాకు ఒళ్లు మండిపోయింది. వచ్చిన పెద్దలందరి చెవుల్లో అత్తరు దూది. గులాబీ తప్ప మరేదీ అందని ముక్కులతో మా కొట్టానికి తీర్పు చెప్పడానికి వచ్చారు.

"గీ వాసన మాది గాదు. కావాల్నంటే మా మోతీ చెప్తది" అన్నాను. మోతీ మా కుక్క.

"కుక్క సాక్ష్యమారా?" అని మామ నవ్వాడు.

"అత్తరు ముక్కుల కన్నా నయమే." (బాపు నన్ను చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు.)

వాసన ఎక్కడ గుప్పుమంటే అక్కడే పుట్టిందనుకుంటాం మనుషులం. మా ఇరుకు గల్లీలో గాలి గోడలకు కొట్టుకుని, కంపును ముక్కలు ముక్కలుగా మోసుకొచ్చేది. ఒక గడపలో ముక్కు పగిలితే పక్క గడపలో ఏమీ ఉండేది కాదు. మోతీ అలా మోసపోలేదు. నేను వదలగానే ముక్కెత్తి గాలికి ఎదురు నడిచింది. వాసన తప్పిపోగానే ఈ గోడ నుంచి ఆ గోడకు అడ్డంగా తిరిగి, మళ్లీ తగలగానే ముందుకు కదిలింది. మామ ఇంటి ముందు ఆగింది. నేను ఛాతీ విరుచుకునేలోపే పక్కకు మళ్లి, తిన్నగా మా కొట్టంలోకి దూరింది. మా అన్నం తిని మాకే ఎసరు పెట్టిన ఆ కుక్క మీద నాకొచ్చిన కోపం ఇంతా అంతా కాదు. అదేమీ పట్టించుకోకుండా పేడకుప్పను తవ్వింది. మూతి పగిలిన కుండ ఒకటి బయటపడింది. అందరూ ముక్కులు మూసుకున్నారు.

అప్పట్లో హకీం ఇచ్చిన మందును కుండలో పోసి, మూతికి మట్టి మెత్తి, పేడకుప్ప వేడిలో కొన్నాళ్లు పాతిపెట్టేవారు. బాపు కుండను చూసి నెమ్మదిగా, "అన్నా, గిది నీ మోకాళ్ల మందే గదా. నువ్వే దెచ్చి పెట్టినవ్" అన్నాడు.

మామ సిగ్గుపడతాడని ఎదురుచూశాను. "పాడైపాయె. ఇంకో కుండ పాతాలె. దానికి పేడ గావాలె గద. బర్లను ఈడనే ఉండనీ" అని వరమిచ్చినట్టు తీర్పు మార్చేశాడు. మా మీద వేసిన నిందకు ఒక్క మాట లేదు. పైగా బాపు ఆయనకు దండం పెట్టాడు. "గిదేం న్యాయం?" అని అరిచాను.

"బర్లు ఉన్నయి గదరా. నీకెందుకు లొల్లి?" అన్నాడు బాపు.

ఇన్నేళ్లైనా తలుచుకుంటే ఒళ్లు మండుతుంది, మామను పట్టుకుని గట్టిగా దులిపేయాలనిపిస్తుంది. మామ లేడు, బర్రెలూ లేవు, లొల్లి వద్దనే బాపూ లేడు. అందుకని ఈ మధ్య మామ తరఫున కూడా నేనే వాదిస్తున్నాను. ప్రతిసారీ ఆయనే గెలుస్తున్నాడు.