మా అమ్మాయికి ఏ జబ్బూ లేదు

మా అమ్మాయికి ఏ జబ్బూ లేదు. ఎప్పుడూ లేదు. ఆరో తరగతి మధ్యలో బడి మాన్పించింది మేమే, కావాలనే. ఈ మాట నాలుగేళ్ల కిందటే అనాల్సింది. అనలేదు కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.

మాది కొత్తపేట దగ్గర పల్లె. కొబ్బరితోట, ఇంటి వెనక కాయలు ఒలిచే పాక. అమ్మాయిని అమలాపురంలో బాగా పేరున్న బడికి బస్సులో పంపేవాళ్లం. తెల్లవారకుండా వెళ్లి, దీపాలు పెట్టాక వచ్చేది. వచ్చాక మళ్లీ రాత. చిన్నప్పుడు కాయలు దింపేవాళ్ల వెంటపడి, ఒకే చెట్టుకి లేత గెల, ముదురు గెల పక్కపక్కనే ఎందుకుంటాయని ప్రాణం తీసేది. ఆ బడిలో రెండేళ్లు గడిచేసరికి ఏదీ అడగడం మానేసింది. ఓ రోజు అన్నం తింటుంటే, "కూర ఎలా ఉందమ్మా?" అన్నాను. "ఎన్ని మార్కులకి నాన్నా?" అంది. నవ్వుతూ అనలేదు. వడ్డిస్తున్న మా ఆవిడ కూడా ఆ మాట వింది. తను బీయస్సీ చదివింది. ఆ పై వారం నుంచి ఇంట్లో తనే పాఠాలు చెప్పడం మొదలుపెట్టింది.

అందులో నేను సిగ్గుపడవలసింది ఏమీ లేదు. సిగ్గుపడాల్సింది ఆ తర్వాత చేశాను.

మా పెదనాన్నగారు కాలవ వంతెన మీద నా బండి ఆపి, "ఏరా, అమ్మాయి బస్సెక్కట్లేదు. ఒంట్లో బాగాలేదా?" అన్నారు. "ఆయ్" అన్నాను. మా వైపు పెద్దవాళ్ల మాటకి ముందు ఆయ్ అనేస్తాం, ఆలోచన తర్వాత. ఆయనకి ఎదురు చెప్పి వంతెన మీద అరగంట వాదించడం కంటే అదే సుఖమనిపించింది. సాయంత్రానికి వీధిలో అది పచ్చకామెర్లయింది. ఎవరో పసరు మందు తెచ్చిచ్చారు. దణ్ణం పెట్టి పుచ్చుకుని కొబ్బరిచెట్టు మొదట్లో పోశాను. నెల తిరిగేసరికి మూర్ఛలు అన్నారు. దానికీ ఆయ్ అన్నాను.

మాకు నిజంగా కావాల్సింది సలహా చెప్పే మనిషి. రిటైరైన మాస్టారొకాయన్ని అడిగితే, "సర్టిఫికెట్టు ఎవరిస్తారండీ?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే, జవాబు మా దగ్గర లేదు. చివరికి మా ఆవిడ ఆరా తీసి రాజోలు దాటాక ఒక కుటుంబాన్ని పట్టుకుంది. రొయ్యల చెరువులు చూసుకునేవాళ్లు. ఏటా చెరువు మారితే ఊరు మారాలి, అందుకని ఇద్దరు పిల్లలకీ ఇంట్లోనే చదువు. ఆ ఇల్లాలు మాకు అన్నీ విప్పి చెప్పింది. పద్నాలుగేళ్లు నిండాక ఓపెన్ స్కూల్లో పదో తరగతి కట్టొచ్చంది. మనకి రాని పాఠం వచ్చినట్టు నటించొద్దు, వచ్చినవాళ్ల దగ్గరికి పంపమంది. ఇలాంటివాళ్లం నాలుగు కుటుంబాలమయ్యాం. నెలకో ఆదివారం, ఒకసారి ఒకరింట్లో కలిసేవాళ్లం.

మా ఇంటి వంతు వచ్చిన ఆదివారం అరుగు నిండా జనం. పెదనాన్నగారు గేటు తీసుకుని వచ్చారు. "ఇంకా నయం కాలేదట్రా? వీళ్లంతా చూడ్డానికొచ్చేరా?"

"ఆయ్" అన్నాను. అమ్మాయి పక్కనే ఉంది.

ఆయన వెళ్లాక రాజోలావిడ అడిగింది. "అన్నయ్యగారూ, అమ్మాయికి ఏం జబ్బండీ?"

"అబ్బే, ఏం లేదండి. పెద్దాయన అడిగేరని..."

"అయితే మేం పరామర్శకొచ్చేవన్నమాట. ముందే చెబితే బత్తాయిలు తెచ్చేవాళ్లం కదండీ."

అందరూ నవ్వారు. అమ్మాయి నవ్వలేదు. వాళ్లు వెళ్లాక, "నాకు బాగానే ఉందని చెప్పడానికి నీకెందుకు నాన్నా సిగ్గు?" అంది. అప్పట్నుంచి గేటు చప్పుడైతే చాలు, పుస్తకం తీసుకుని పెరట్లోకి వెళ్లిపోయేది. "జబ్బుమనిషిని కదా, కనబడకూడదు" అనేది వాళ్లమ్మతో, నాకు వినబడేలా. ఏడాదిపైనే అలా గడిచింది. బడి చేసిన చెరుపుకన్నా ఎక్కువే చేశాను నేను.

ఈ ఏడు చుట్టాలింట్లో గృహప్రవేశానికి వెళ్లాం. అమ్మాయి విస్తళ్లు వేస్తుంటే అత్తయ్య ఒకావిడ వచ్చి, "నువ్వు కూర్చోవే తల్లీ, కళ్లు తిరిగి పడతావు" అని చేతిలోవి లాక్కుంది. అమ్మాయి నా వైపు చూసింది. పంక్తిలో పెదనాన్నగారున్నారు. లేచి ఆయన ముందుకి వెళ్లాను.

"పెదనాన్నగారూ, దానికి ఏ జబ్బూ లేదండి. బడి మేమే మాన్పించేం. ఇంట్లో చదువుకుంటోంది."

"మరి నాలుగేళ్ల నుంచీ ఆయ్, ఆయ్ అన్నావు కదరా?"

"అబద్ధం చెప్పేనండి."

"ఆడపిల్ల బతుకుతో ఆటలాడతావా?"

"ఆడేనండి. బడి మాన్పించినందుకు కాదు, జబ్బని ఒప్పుకున్నందుకు."

ఆయన విస్తరి ముందునుంచి లేవబోయారు. ఎవరో పులిహోర వడ్డించేసరికి కూర్చున్నారు. అమ్మాయి అత్తయ్య చేతిలోంచి విస్తళ్లు తీసుకుని పంక్తి చివరిదాకా వేసుకుంటూ వెళ్లింది.

ఇప్పటికీ నమ్మనివాళ్లున్నారు. జబ్బు దాచడానికి ఈ చదువు కథ అల్లుతున్నానట. అమ్మాయి పదో తరగతి పరీక్షలు రాసింది, ఫలితాలు ఇంకా రాలేదు. అవి వచ్చేలోపే ఇది రాయాలని కూర్చున్నాను. నెగ్గితే నన్ను తెలివైనవాణ్ణంటారు, తప్పితే జబ్బు మళ్లీ బయటికి తీస్తారు. రెండూ నాకక్కర్లేదు. తప్పితే మళ్లీ రాస్తుంది. మేం చేసిన పని మాత్రం తప్పు కాదు. పెద్దలెవరొచ్చి అడిగినా ఇదే మాట.

పిల్లల్ని ఇంట్లో చదివించుకుంటూ ఎవర్నడగాలో తెలియనివాళ్లు మా ఇంటికి రావచ్చు. పాఠాల సంగతి మా ఆవిడ చెబుతుంది. అలా చదువుకోవడం ఎలా ఉంటుందో అమ్మాయినే అడగండి, ఇంట్లో ఉంటే. నన్నడక్కండి. తన తరఫున మాట్లాడే హక్కు నేను పోగొట్టుకున్నాను.