ఆట కొనిపెట్టని నాన్న

నా చిన్నప్పుడు మా ఊరి హైస్కూల్లో ఆటంటే మట్టిలో పాతిన రెండు కర్రలు, పరిగెత్తడానికి కాళ్ళు. అంతకు మించి ఎవరూ ఏమీ అడిగేవాళ్ళు కాదు. గుంటూరుకీ చిలకలూరిపేటకీ మధ్య, పత్తి చేలూ మిరప చేలూ తప్ప మరొకటి కనిపించని నేల మాది. ఆడపిల్లలం ఖోఖో ఆడేవాళ్ళం. పరికిణీలు పైకి దోపుకుని ఆ నల్లరేగడి మట్టిలో పడుతూ లేస్తూ ఆడేవాళ్ళం. మోకాళ్ళు చెక్కుకుపోతే ఇంట్లో చెప్పకుండా దాచుకునేవాళ్ళం. ఇప్పుడు నా మనవరాలి బడిలో జరుగుతున్నది చూస్తుంటే నాకు ఒళ్ళు మండిపోతోంది. ఈ మంట నాకు కొత్త కాదు. దీన్ని మొదటిసారి మా నాన్న ముఖంలో చూశాను. అది నా మీద కోపమేననుకుని ఆ రోజు వెక్కి వెక్కి ఏడ్చాను కూడా. అందుకని ముందు ఆ సంగతి చెబుతాను.

మా జట్టులో అందరికన్నా బాగా ఆడేది చర్చి వీధి నుంచి వచ్చే ఒక పిల్ల. నా ఈడుదే. వాళ్ళమ్మ మా చేలో మిరపకాయల కోతకు వచ్చేది. ఆ పిల్ల పరుగు చూసి తీరాల్సిందే. చేతికి అందినట్టే అంది, మనం చెయ్యి చాచేసరికి నడుం ఒంచి పక్కకి జారిపోయేది. తరిమేవాళ్ళు బోర్లా పడేవాళ్ళు. నేనేమో లావుగా, నెమ్మదిగా ఉండేదాన్ని. ఎవరైనా రాకపోతేనే నన్ను ఆడనిచ్చేవాళ్ళు. మిగతా రోజుల్లో అందరి పుస్తకాల సంచులకూ కాపలా. అయినా నాకు ఆ ఆటంటే పిచ్చి.

ఒక ఏడు చుట్టుపక్కల బళ్ళన్నిటికీ కలిపి గుంటూరులో పోటీలు పెట్టారు. మా జట్టు వెళ్ళాలని నిర్ణయమైంది. అప్పుడే మా బడికి కొత్తగా వచ్చిన హెడ్మాస్టరు గారు ఒక షరతు పెట్టారు. వెళ్ళే ప్రతి పిల్లా నీలం స్కర్టు, తెల్ల చొక్కా, తెల్ల కాన్వాసు బూట్లు కొనుక్కోవాలి. అవీ ఆయన చెప్పిన కొట్లోనే కొనాలి. బస్సు ఖర్చులూ తిండి ఖర్చులూ ఎవరివి వాళ్ళే పెట్టుకోవాలి. బడి పరువు నిలబడాలంటే పిల్లలు చూడ్డానికి పద్ధతిగా ఉండాలట. కొనుక్కోలేనివాళ్ళు పేరు తీయించుకోవచ్చట.

చర్చి వీధి పిల్ల పేరు పోయింది. మరి కొందరివీ పోయాయి. ఖాళీ అయిన చోట్లలో, కొనగలిగిన ఇళ్ళ పిల్లల్ని వేశారు. వాళ్ళలో నేనొకదాన్ని.

నా ఆనందానికి హద్దు లేదు. ఎవరి చోట్లో నన్ను వేశారన్న ఆలోచన నాకు రాలేదు. ఆ వయసులో ఏ పిల్లకి వస్తుంది? గుంటూరు మిర్చి యార్డుకి కాయల వేలానికి వెళ్ళే రోజున మా నాన్న నన్నూ వెంటబెట్టుకుని వెళ్ళి అన్నీ కొనిపెట్టాడు. జట్టులోకి తీసుకున్నారని మాత్రమే ఆయనకు తెలుసు. ఎలా తీసుకున్నారో తెలియదు. కూతురు బాగా ఆడుతోంది కాబోలనుకుని మురిసిపోయాడు. దార్లో కనిపించిన వాళ్ళందరికీ చెప్పాడు. నేను ఆ బూట్లు ఇంట్లో కూడా విప్పలేదు. పేడతో అలికిన నేల పాడవుతోందని మా అమ్మ తిట్టినా వినలేదు.

ప్రయాణానికి ముందు రోజు బళ్ళో చిన్న సభ పెట్టారు. ఊరి పెద్దలకు, జట్టు పిల్లల తండ్రులకు ముందు వరసలో కుర్చీలు వేశారు. కొత్త బట్టలేసుకుని మేము వరసగా నిలబడ్డాం. చొక్కాలకి రిబ్బను పువ్వులు గుచ్చారు. అంతా బాగానే ఉంది. ఆ వచ్చిన పెద్దలకి మంచినీళ్ళు ఇవ్వడానికి మాత్రం, పేర్లు తీసేసిన పిల్లల్నే పెట్టారు. ఆ పని ఎవరు చెప్పారో, చెప్పేటప్పుడు వాళ్ళకేమైనా అనిపించిందో లేదో, ఇన్నేళ్ళయినా నాకు అర్థం కాదు.

చర్చి వీధి పిల్ల గ్లాసుల పళ్ళెం పట్టుకుని మా నాన్న దగ్గరికి వచ్చి ఒకటి అందించింది. ఆయన దాన్ని గుర్తుపట్టాడు. అది వాళ్ళమ్మ కోసం మా చేలోకి వచ్చినప్పుడు గట్ల మీద లేడిపిల్లలా పరిగెత్తడం ఎన్నోసార్లు చూశాడు.

"ఏమే, నువ్వు నీళ్ళిస్తన్నావేంది? ఎల్లి ఆ వరసలో నిలబడు," అన్నాడు నవ్వుతూ.

"నేను ఎల్లట్లేదండీ. నా బదులు మీ అమ్మాయి ఎల్తందండి," అంది ఆ పిల్ల. ఆ మాటలో ఏడుపు లేదు, నిష్ఠూరం లేదు. ఉన్నమాట చెప్పినట్టు చెప్పి, పక్క కుర్చీలో ఉన్నాయనకి ఇంకో గ్లాసు అందించింది.

మా నాన్న నా వైపు చూశాడు. ఆ చూపు నేను మరిచిపోలేను. ఆయన నీళ్ళు తాగలేదు. గ్లాసు కింద పెట్టి లేచి నిలబడ్డాడు. హెడ్మాస్టరు గారు ఇంకా మాట్లాడుతూనే ఉన్నారు.

"మాస్టారూ, ఒక్క మాట. నా కూతురు ఆ పిల్లకంటే బాగా ఆడుద్దా?"

హెడ్మాస్టరు గారు తడబడ్డారు. "అట్లా అని కాదండీ. వాళ్ళు బట్టలు కొనుక్కోలేమన్నారు. అందుకని మీ అమ్మాయికి అవకాశం ఇచ్చాం."

"అంటే నేను కొన్నా కాబట్టి నా పిల్ల ఆడతంది. కొనలేదు కాబట్టి ఆ పిల్ల నీళ్ళు మోస్తంది. అంతేనా?"

మా నాన్న గొంతు మామూలుగానే పెద్దది. ఆ రోజు బడి గోడ అవతలకి కూడా వినపడింది. "దీన్ని ఆట అనరండీ. వేలంపాట అంటారు. ఇట్టాంటియ్యి మేం యార్డులో పాడుకుంటాం, బళ్ళో కాదు. నా పిల్ల రాదు."

అని వచ్చి నా చొక్కాకున్న రిబ్బను పువ్వు ఆయనే తీసి బల్ల మీద పెట్టాడు. నా చెయ్యి పట్టుకుని అంతమందిలోంచి నడిపించుకుపోయాడు. నేను దారంతా పెద్దగా ఏడ్చాను. చెయ్యి విడిపించుకోవాలని గింజుకున్నాను. మా నాన్న అంత చెడ్డవాడు ఈ భూమ్మీద లేడనిపించింది.

ఇంటికి వెళ్ళాక మా అమ్మ కూడా నా పక్షమే. "కూలోళ్ళ పిల్ల కోసం కన్నపిల్లని నలుగుర్లో ఏడిపిస్తావా? ఆళ్ళు నీకేమన్నా పెడతన్నారా?" అని అడిగింది. ఆమె అలా అనడం నాకప్పుడు ఎంతో న్యాయంగా తోచింది. మా నాన్న వచ్చి నా దగ్గర కూర్చుని, "ఏడవమాకే. నీకు బట్టలు కావాలంటే కొంటా, బూట్లు కావాలంటే కొంటా. ఆట మాత్రం కొనిపెట్టను. అది నువ్వు ఆడి తెచ్చుకోవాల్సిందే," అన్నాడు. నేను మొహం తిప్పుకున్నాను. చాలా రోజులు ఆయనతో సరిగా మాట్లాడలేదు.

మా నాన్నని దేవుణ్ణి చేసి చెప్పడం లేదు. ఆ పిల్ల తల్లికి కూలి ఇచ్చే దగ్గర గీచి గీచి బేరమాడిన మనిషే ఆయన. ఆ సభ అయ్యాక కూడా ఆ బేరం మానలేదు. కానీ పిల్లల ఆట దగ్గర మాత్రం ఆయనకి ఒక గీత ఉంది. ఆ గీత దాటినవాణ్ణి ఊరుకోలేదు. దాటించింది తన సొంత కూతుర్నే అయినా ఊరుకోలేదు.

అక్కడ సభలో, మేం వచ్చేశాక మిగతా తండ్రులకి కూర్చోవడం కష్టమైందట. ఒకాయన గొణుక్కుంటూ తన కూతుర్నీ వెనక్కి పిలిచాడు. ఇంకొకాయన సిగ్గుపడి పిలిచాడు. జట్టు సగమైపోయింది. పోటీలకి పేరిచ్చి వెళ్ళకపోతే తన పరువే పోతుందని, హెడ్మాస్టరు గారు షరతులన్నీ వదిలేసి ఆ సాయంత్రమే తీసేసిన పిల్లల ఇళ్ళకి కబురు పంపారు. వాళ్ళు పరికిణీలతోనే, ఉత్తికాళ్ళతోనే గుంటూరు వెళ్ళారు. ఏ కప్పూ తేలేదు. రెండో ఆటలోనే ఓడిపోయి వచ్చారు. కానీ చర్చి వీధి పిల్ల బస్సు దిగుతూ ఆగకుండా మాట్లాడుతూనే ఉంది. అక్కడి మైదానం ఎంత పెద్దదో, తనని పట్టుకోవడానికి వాళ్ళెంత ఆయాసపడ్డారో చేతులు తిప్పుతూ చెప్పింది. నేను దూరంగా నిలబడి విన్నాను. అసూయగా ఉన్నా వినాలనిపించింది. అప్పుడే, మా నాన్న నా దగ్గర్నించి లాక్కున్నది నాది కాదని మొదటిసారి లీలగా తెలిసింది.

ఇక ఇప్పటి మాట. నేను గుంటూరులో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. వాడు కోల్డ్ స్టోరేజీలో పని చేస్తాడు. వాడి కూతురు ఆరో తరగతి, పేరున్న ప్రైవేటు స్కూలు. ఒక రోజు స్కూలు నుంచి వచ్చిన పిల్లని, ఈ రోజు ఏం ఆడావే అని అడిగాను. "నేను ఆడను నానమ్మా. గేమ్స్ పీరియడ్‌లో షెడ్డులో కూర్చుంటాం. మాకు ప్యాకేజీ లేదుగా," అంది బిస్కెట్ కొరుక్కుంటూ.

నాకు అర్థం కాలేదు. తరచి అడిగితే చెప్పింది. ఆటలకి వేరే ఫీజు ఉందట. బాస్కెట్‌బాల్‌కి ఒకటి, స్కేటింగ్‌కి ఒకటి, కరాటేకి ఒకటి. బట్టలు, బూట్లు, సంచీ అన్నీ స్కూలు కౌంటర్లోనే కొనాలట. బయట పోటీలకి వెళ్తే మళ్ళీ కట్టాలట. వార్షికోత్సవంలో డాన్సు చెయ్యాలన్నా కట్టాల్సిందేనట. కట్టిన పిల్లలకి రంగు టీషర్టులు. కట్టని పిల్లలు షెడ్డు కింద కూర్చుని హోంవర్కు రాసుకోవాలి, ఎదురుగా తోటి పిల్లలు ఆడుతుంటే చూస్తూ. "హోంవర్కు అక్కడే అయిపోతుందిగా, మంచిదే," అని నన్నే ఓదార్చింది. పదకొండేళ్ళ పిల్ల అలా సర్దుకుపోవడం చూసి నాకు ఒళ్ళు మండిపోయింది. ఏడ్చినా బాగుండేది.

అబ్బాయిని అడిగాను. "చదువు ఫీజుకే కిందామీదా పడతన్నానమ్మా. ఇంకెక్కడ తేను?" అని తల దించుకున్నాడు. తప్పు వాడిదైనట్టు తల దించుకున్నాడు! ఆ స్కూలు వాళ్ళు నేర్పిన అసలు విద్య ఇదే. సిగ్గు వాళ్ళు పడాల్సింది, మా వాడు పడుతున్నాడు.

ఆ నెల తల్లిదండ్రుల మీటింగుకి వాడి బదులు నేను వెళ్ళాను. ఇన్‌ఛార్జి కుర్రవాడు మర్యాదస్తుడే. నేను అడిగింది ఓపిగ్గా విని, "అది ఆప్షనల్ అండీ మేడం. ఇష్టమైనవాళ్ళే కడతారు," అన్నాడు.

"పరిగెత్తడం ఆప్షనలా నాయనా? ఆ గ్రౌండు మా ఫీజుతో కొన్నది కాదా?" అన్నాను.

కోచ్‌లు బయట నుంచి వస్తారనీ, మేనేజ్‌మెంట్ పాలసీ అనీ ఏవో చెప్పాడు. వాడితో మాట్లాడి లాభం లేదనిపించింది. వెనక్కి తిరిగి, హాల్లో కూర్చున్న తల్లిదండ్రుల వైపు చూశాను. "అమ్మా, అయ్యా, మీ పిల్లలు ఆడుతుంటే మా పిల్ల షెడ్డులో కూర్చుని చూస్తోంది. అలాంటి పిల్లలు చాలామంది ఉన్నారు. 'ఆ పిల్లల్ని కూర్చోబెట్టి మా వాణ్ణి ఆడించొద్దు' అని మీలో ఒక్కరు అంటే చాలు," అన్నాను.

కొందరు ఫోన్లలోకి తల దించారు. కొందరు గోడ మీద స్కూలు ఫోటోల్లోకి చూశారు. వెనక నుంచి ఒక మగగొంతు, "కట్టలేకపోతే వేరే స్కూల్లో వేసుకోండి పెద్దమ్మా," అంది. ఎవరో నవ్వారు. ఒక్కరంటే ఒక్కరు లేవలేదు.

లేనివాడు అడిగితే అది ఏడుపు. అదే అడగాల్సింది ఉన్నవాడు. చోటు కొనుక్కున్నవాడు లేచి, ఈ చోటు నాకొద్దన్న రోజునే ఆ అంగడి మూతపడుతుంది. అంతమంది మధ్య ఒంటరిగా నిలబడ్డ ఆ క్షణంలో, మా నాన్న చేసింది ఎంత కష్టమైన పనో నాకు పూర్తిగా అర్థమైంది. పక్కవాళ్ళేమనుకుంటారో ఆయనకి తెలియదా? కూతురు ఏడుస్తుందని తెలియదా? అన్నీ తెలిసే లేచాడు.

గేటు దాటి ఆటో కోసం నిలబడితే ఒక అమ్మాయి పరుగున వచ్చింది. ముప్ఫై దాటి ఉండవు. మా మనవరాలి క్లాసులో పిల్లవాడి తల్లినని చెప్పింది. "మావాడు బాస్కెట్‌బాల్ టీములో ఉన్నాడండీ. నిజం చెప్పాలంటే వాడికి ఆట రాదు. ఇందాక లేద్దామనుకున్నా. మావారు చెయ్యి పట్టుకుని ఆపేశారు," అంది. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి.

జాలిపడి సరేలే అమ్మా అనడం నాకు తేలికే. కానీ అనలేదు. "నీ ఏడుపు నాకెందుకమ్మా? వచ్చే నెల మళ్ళీ మీటింగుంది. అప్పుడు లే," అన్నాను. ఆమె తలూపింది.

స్కూల్లో ఏమీ మారలేదు. మా పిల్ల ఇంకా షెడ్డులోనే కూర్చుంటోంది. సాయంత్రాలు నేనే దాన్నీ, వీధిలో పిల్లల్నీ ఖాళీ స్థలానికి తీసుకెళ్ళి ఖోఖో నేర్పుతున్నాను. అది బాగానే పరిగెత్తుతోంది, నా పోలిక రాలేదు. అయితే అంతటితో నా మనసు శాంతించలేదు. శాంతించకూడదు కూడా. కోపం వచ్చిన చోట లేచి నిలబడి, అందరూ వినేలా ఆ మాట అడగాలి. మా నాన్న నాకు నేర్పింది అదే. ఆ అమ్మాయి వచ్చే నెల లేస్తుందో లేదో నాకు తెలియదు. నేను మాత్రం వెళ్తాను. మళ్ళీ అడుగుతాను.