హనోకు సారు టైపు కొట్టాలంటే

నిజామాబాద్ స్టేషన్ రోడ్డులో టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపే హనోకు సారుకు ఒకటే పట్టింపు. బయోడేటాలో ఏం రాయమన్నా రాస్తాడు. కానీ రాయమన్నది ముందు ఆయన కళ్ళెదుట చేసి చూపాలి. చూపనిదే ఆయన వేలు మిషను మీద పడదు.

గుమాస్తా ఉద్యోగాలకు పోయేవాళ్ళకు ఈ పట్టింపుతో బాధ లేదు. చిక్కంతా నాటకాల పిచ్చివాళ్ళకే. ఆ అరవైల్లో ఎక్కడ నటులు కావాలన్నా జిల్లా పిలగాళ్ళంతా ఆయన దగ్గరికే వచ్చేవాళ్ళు. ఇంగ్లీషు తప్పుల్లేకుండా కొడతాడని ఆయనకు పేరు.

వర్ని ఊరి రాజలింగు వచ్చి, "గుర్రపు స్వారీ వస్తదని రాయుండ్రి సారూ" అన్నాడు. సారు మారు మాట్లాడకుండా లేచి వెళ్ళి, టాంగావాలాను బతిమాలి గుర్రాన్ని విప్పించి తెచ్చాడు. రాజలింగు ఎక్కాడు. గుర్రం అతన్ని లెక్కలోకే తీసుకోలేదు. అలవాటు ప్రకారం నడుచుకుంటూ స్టేషనుకు పోయి, రైలు దిగేవాళ్ళ కోసం నిలబడింది. ఎంత అదిలించినా కదల్లేదు. సారు తిరిగొచ్చి, "గుర్రం మీద కూర్చోగలడు" అని కొట్టాడు.

దేవిదాస్‌ది ఇంకో కథ. "సచ్చుడు సీన్లల్ల నా అంతటోడు లేడు" అన్నాడు. సారు బల్ల మీద చావమన్నాడు. దేవిదాస్ చచ్చాడు. టైపు నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళు గుమ్మంలోనే చెప్పులు విడిచి దండం పెట్టుకుంటున్నారు. అంతలో శవం గురక పెట్టింది. సారు ముఖంలో ఒక్క గీత కదల్లేదు. "నిద్ర చాలా సహజంగా నటిస్తాడు" అని కొట్టి సంతకానికి ఇచ్చాడు.

ఈ సంగతులేవీ తెలియకుండానే బోధన్ నుంచి చంద్రవ్వ వచ్చింది. చెరుకు తోటల్లో కూలి చేసుకునే మనిషి. పెనిమిటి జ్వరంతో పోయినప్పటి నుంచి అత్త పెంటవ్వా తనూ, ఇద్దరే ఒక ఇంట్లో. ఊరూరా తిరిగి మశూచి టీకాల మీద నాటకాలు ఆడే సర్కారు బృందంలో ఆడవాళ్ళు కావాలట, నౌకరీ అట అని విని, ఫోటో దిగి పట్టుకొచ్చింది.

"ఇదివరకు ఎక్కడన్న వేషం కట్టినవా బిడ్డా?" అన్నాడు సారు.

"ఎక్కడ కట్టలే సారూ. గదే భయమైతుంది. ఏం రాస్తరు మరి?"

"కట్టనిది వదిలిపెట్టు. నీకు వచ్చింది చెప్పు."

"మంది లెక్క మాట్లాడొస్తది."

"చేసి సూపెట్టు."

చంద్రవ్వ కొంగు నడుముకు దోపింది. పసుపు మార్కెట్ దళారి మరాఠీలో ఎట్లా బేరమాడతాడో ఆడింది. బట్టల దుకాణం సాయెబు ఉర్దూలో ఎట్లా ఒట్లు పెడతాడో పెట్టింది. బస్సు కండక్టరులా దగ్గేసరికి ఇన్‌స్టిట్యూట్‌లో మిషన్లన్నీ ఆగిపోయాయి, పిల్లలు పొట్టలు పట్టుకున్నారు. సారు మాత్రం నవ్వలేదు. అద్దాలు తుడుచుకుని, "భాషలు: తెలుగు, ఉర్దూ. బేరానికి సరిపడా మరాఠీ" అని కొట్టాడు. తలుపుకు ఆనించి నిలబెట్టి ఎత్తు కూడా తనే కొలిచాడు. చివరికి ఒక్క మాట మిగిలింది. ఇంటివాళ్ళ సమ్మతి.

"మా అత్త ఒప్పుకున్నది. రాయుండ్రి" అంది చంద్రవ్వ, ఎటో చూస్తూ.

"ఏదీ, సూపెట్టు."

"ఒప్పుకున్నది ఎట్ల సూపెట్టాలె సారూ?"

"ఆమెను తోలుకరా."

ఎట్లా తోలుకొస్తుంది? పెంటవ్వకు అసలు చెప్పనే లేదు. టైపు పిల్లలు అంతకుముందే చెవిన వేసిన గుర్రం కథ గుర్తొచ్చి చంద్రవ్వకు కోపమొచ్చింది. "గుర్రం మీద కూసున్నోనికి గుర్రం రాసిండ్రంట. నాకొక్క ముక్క రాయనీకి ఏం పోయింది మీకు?"

"ఆయన కూసొని సూపిచ్చిండు బిడ్డా."

కాగితం మిషనులోనే వదిలేసి ఆమె వెళ్ళిపోయింది. బోధన్ బస్సులో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నౌకరీ సంగతి ఇక మరిచిపోవాలని అనుకుంది.

ఆదివారం చర్చి విడిచిపెట్టగానే, వేసుకున్న కోటుతోనే బస్సెక్కి హనోకు సారు బోధన్‌లో దిగాడు. అడుగుతూ అడుగుతూ ఇల్లు పట్టుకున్నాడు. వాకిట్లో పెసలు చెరుగుతున్న పెంటవ్వ తలెత్తి చూసింది.

"ఎవలు సారూ నువ్వు?"

"మీ కోడలికి మంది లెక్క మాట్లాడొస్తదంట అవ్వా. నీ లెక్క మాట్లాడితే, తప్పొప్పులు నువ్వే చెప్పాలె."

ఆ మాట విని చంద్రవ్వ ఇంట్లోంచి బయటికొచ్చింది. దాచడానికి ఇంక దారి లేదు. తలొంచుకుని నాటకం సంగతి, నౌకరీ సంగతి అంతా చెప్పేసింది. పెంటవ్వ చెరగడం ఆపలేదు. సారు వాకిట్లో ఒక పక్కకు జరిగి, "ఇగ కానియ్యి" అన్నాడు.

చంద్రవ్వ నడుం వంచింది. చెయ్యి నడుం మీద పెట్టుకుని కోళ్ళను నాలుగు తిట్లు తిట్టింది. తర్వాత గొంతు తగ్గించి, "చంద్రీ, తిన్నవానే? నువ్వు తినకుంటే నేను సుత తిన" అంది.

చాట ఆగిపోయింది.

"నేను గట్లంటనా?"

"రోజంటవు అత్తా."

పెంటవ్వ చాట పక్కన పెట్టింది. తర్వాత మోకాళ్ళు పట్టుకుని లేచింది. "చెయ్యి గక్కడ గాదే. నాకు నొచ్చేది ఎడమ దిక్కు" అని నడిచి చూపించింది. మళ్ళీ వచ్చి కూర్చుని, సారుతో నెమ్మదిగా అంది: "ఇది పోతే, తిన్నవానే అని నేనెవల్ని అడగాలె?"

సారు ఆమె ఎదుట నేల మీదే కూర్చున్నాడు. "ఒంటరి ఆడోళ్ళతోని ఇంటి మనిషి ఒకరు రావచ్చంట అవ్వా. సర్కారు కాయిదంల రాసిండ్రు, నేను సదివిన. ఆ బృందంల అందరు ఇల్లిడిసి వచ్చినోళ్ళే. తిన్నవా అని అడిగే దిక్కు లేదు వాళ్ళకు."

పెంటవ్వ ఆలోచించింది. "జొన్నరొట్టె తింటరా వాళ్ళు?" అంది.

బస్సు దాకా సాగనంపుతూ చంద్రవ్వ అడిగింది: "అబద్ధమాడిన్నని తెలిసి సుత మీరెందుకు వచ్చిండ్రు సారూ?"

"అబద్ధమని ఎవలన్నరు?" అన్నాడు హనోకు సారు, కోటు దుమ్ము దులుపుకుంటూ. "అప్పటికి ఇంక నిజం కాలే. గంతే."

మర్నాడు సారు బయోడేటాలో మిగిలిన ఆ ఒక్క మాటా కొట్టి ఇచ్చాడు. సెలక్షన్ రోజు చంద్రవ్వ దళారిని చేసింది, సాయెబును చేసింది, పెంటవ్వనూ చేసింది. గుమ్మం దగ్గర కూర్చున్న అసలు పెంటవ్వ వచ్చేపోయే వాళ్ళందరినీ తిన్నారా అని అడుగుతూనే ఉంది. లోపలున్న పెద్దాఫీసరును కూడా వదల్లేదు. ఆయన తినలేదట. సమ్మతి గురించి ఇంకెవరూ అడగలేదు.

నౌకరీ వచ్చిందని చెప్పడానికి చంద్రవ్వ పరుగున ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చింది. కుర్చీలో సారు లేడు. బల్లలన్నీ గోడకు జరిపి ఉన్నాయి. నేల మీద హనోకు సారు బోర్లా పడి ఉన్నాడు. కుస్తీ వస్తదని రాయమన్న బాలనర్సయ్య ఆయన వీపు మీద మోకాలు ఆనించి, ఆ పైన ఏం చెయ్యాలో తెలియక దిక్కులు చూస్తున్నాడు.

"సారూ, నౌకరీ వచ్చింది!"

"సంతోషం బిడ్డా, కూసో" అంది కిందినుంచి గొంతు. "బాలనర్సయ్యా, పట్టు ఇంక కుదరలే. లెవ్వు." సారు లేచి, అంగీ సర్దుకుని, కాళ్ళు ఎడం చేసి నిలబడ్డాడు. "కాలు అడ్డం పెట్టి లాగాలె. భయపడకు. మల్లొక్కసారి పడెయ్యి."